వాసన మింగిన గది

కొచ్చర్ల సుధీంద్ర పేరు తన ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని అబ్బులు అందరిచేతా ఒట్టు వేయించాడు. వేయించి, పొద్దున లేచింది మొదలు తనే ఎత్తుతాడు. పళ్ళు తోముకుంటూ ఎత్తుతాడు, టీకొట్టు బల్ల మీద కూర్చుని ఎత్తుతాడు, ఎవరింట్లోనో నిచ్చెనెక్కి సీలింగుకి స్క్రూ బిగిస్తూ మధ్యలో ఆగిపోయి మరీ ఎత్తుతాడు. మోసపోవడం అతనికి కొత్తేమీ కాదు. సీలింగు పని చేసుకు బతికేవాడికి మోసం చెయ్యనివాడు తగలడమే అపురూపం. కానీ ఆ మోసగాళ్ళంతా పని అయ్యాక మొహం చాటేసేవాళ్ళు. ఆ మాత్రం సిగ్గు వాళ్ళకుండేది. సుధీంద్ర అలా కాదు. అన్నీ తెలిసి, భుజం మీద చెయ్యేసి, నవ్వుతూ చేశాడు. చెప్పాల్సిన మాట మింగేసి, దాని చోట ఇంకో మాట పెట్టాడు. ఆ మాటని నమ్మినందుకు అబ్బులు ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది.

అబ్బులు ఏడో తరగతి మధ్యలో బడి ఎగ్గొట్టి సున్నం డబ్బా పట్టుకున్నవాడు. సున్నాలు పోయి రంగులొచ్చాయి, రంగులు నేర్చుకున్నాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వచ్చింది, తెల్ల దుమ్ము పీల్చి దగ్గుతూ అదీ నేర్చుకున్నాడు. ఆ తర్వాత పీవీసీ పలకలొచ్చాయి. గోదావరి కాలవల కింద ఊళ్ళల్లో ఏ గోడ చూసినా నడుము దాకా చెమ్మే. రంగు వేసిన ఏడాదికే ఉబ్బి, పెచ్చులు ఊడి, సున్నం రాలుతుంది. పలక బిగిస్తే చెమ్మ పోదు గానీ కంటికి కనపడదు. కనపడకపోతే చాలు జనానికి. తణుకు చుట్టుపక్కల అబ్బులు బిగించని వీధి లేదనిపించుకున్నాడు.

అలాంటి రోజుల్లో సుధీంద్ర కబురు పెట్టాడు. ఊరి అవతల మూతబడ్డ బియ్యం మిల్లు గోడౌను అద్దెకి తీసుకుని అందులో ఏవో కొత్త పలకలు తయారు చేస్తున్నాడు. పెద్ద చదువు, పల్చటి గడ్డం, ఎప్పుడూ నలగని చొక్కా.

"రా అబ్బులూ, నీకో తమాషా చూపిస్తాను" అంటూ గోడౌను మధ్యలో ఉన్న చిన్న గది తలుపు తీశాడు. నాలుగు గోడలకీ, పైకప్పుకీ తెల్ల పలకలు. నేల మీద బుట్టెడు ఎండురొయ్యలు, వాటి పక్కన మల్లెపూల దండ.

అబ్బులు లోపలికి వెళ్ళి ఊపిరి పీల్చాడు. మల్లెల వాసన గుప్పుమంది. వంగి, రొయ్యల బుట్టలో మొహం పెట్టాడు. మళ్ళీ మల్లెలే.

"ఇదేంటండి బాబూ! నాకేమైనా రొంప పట్టిందా?"

సుధీంద్ర పకపకా నవ్వాడు. "తడి సిమెంటు మీద కోడి నడిస్తే ఏమవుతుంది?"

"అడుగులు పడతాయండి."

"ఆరాక?"

"ఆరాక ఇంకేముందండి, కోడిని కోసుకు తినేసినా అడుగులు అక్కడే ఉంటాయి."

"ఇదీ అంతే. పలకలు బిగించాక గది మూసి రెండు రోజులు వేడిగాలి పెడతాం. అప్పుడు పలక మెత్తగా ఉంటుంది. గాలిలో ఏ వాసన ఉంటే దాని అడుగు పలకలో పడిపోతుంది. చల్లబడితే ఆ అడుగు గట్టిపడుతుంది. ఇక ఎప్పుడు ఆ వాసన వచ్చినా లాక్కుని తనలో దాచేసుకుంటుంది. ఇంకో వాసన జోలికి పోదు. దీనికి ముందు రొయ్యల వాసన నేర్పాను, అంతే. మీ ఊళ్ళ గదుల్లో ఉన్నదేమిటి? బూజు కంపు. దానికదే నేర్చుకుంటుంది."

"నిండిపోతే కక్కదాండి?"

"గట్టిగా కాలితే కక్కుతుంది. ఇంట్లో అంత వేడి ఎక్కడిది?" అని అబ్బులు భుజం మీద చెయ్యేశాడు. "ఒక్క జాగ్రత్త. వేడి పెట్టిన రెండు రోజులూ గదిలో మనుషులెవరూ ఉండకూడదు."

"ఎందుకండి?"

"వేడి కదయ్యా. వడదెబ్బ కొడుతుంది."

అబ్బులు తల ఊపాడు. వేడంటే అతనికి తెలుసు. తెలిసినదే చెబితే మనిషి ఇంకో ప్రశ్న వెయ్యడు. సుధీంద్రకి ఆ సంగతి బాగా తెలుసు.

ఆ ఎండాకాలమే అబ్బులు కూతురు హైమకి శ్రీమంతం చేసి పురిటికి తీసుకురావాల్సి వచ్చింది. అల్లుడు ఓడరేవులో క్రేను నడుపుతాడు, సెలవు దొరకదు. వెనకగదిలో పురుడు పొయ్యాలి. ఆ గదికి ఇంట్లోకల్లా ఎక్కువ చెమ్మ. పసిబిడ్డ పడుకునే చోట ఆ కంపేమిటని అబ్బులు ఆ గదికే కొత్త పలకలు బిగించాడు. ఊరందరికీ పని చేసి సొంత ఇంటికి చెయ్యనివాడని భార్య సత్యవేణి దెప్పుళ్ళు ఎన్నాళ్ళని పడతాడు? గోడలూ కప్పూ నున్నగా మెరిసిపోయాయి. వేడిగాలి యంత్రం పెట్టి, తలుపు మూసి, తాడేపల్లిగూడెంలో పని ఉందని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు భార్యకి చెప్పాడు, గదిలోకి ఎవరినీ వెళ్ళనివ్వకు, వేడి అని.

హైమ దిగింది ఆ సాయంత్రమే. సత్యవేణి పుట్టింటివాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఒడి నింపుకుని వచ్చిన పిల్ల మొదటిరోజు ఏ గదిలో నడుం వాలిస్తే ఆ గదిలోనే పురుడు పోసుకోవాలి. మధ్యలో గది మారకూడదు, మారితే బిడ్డకి నిలకడ ఉండదంటారు. ఇప్పుడు హాల్లో పడుకోబెడితే హాల్లోనే పురుడు పొయ్యాలి. వచ్చేపోయేవాళ్ళ మధ్య ఎలా? సత్యవేణి యంత్రాన్ని కాస్త తగ్గించింది, ఫ్యాను తిప్పింది, కూతురికి మజ్జిగ తేట చెంబుతో పక్కన పెట్టింది. వేడేగా, ఓర్చుకుంటుంది అనుకుంది. నిండు చూలాలు చెమటలు కక్కుతూ ఆ రాత్రీ, మర్నాడు పగలంతా ఆ మంచం మీదే దొర్లింది.

అబ్బులు వచ్చి చూసి కసురుకున్నాడు. "పిల్లకి వడదెబ్బ కొట్టుంటే?"

"కొట్టలేదుగా" అంది సత్యవేణి. "మీ యంత్రం కన్నా మన పద్ధతి పెద్దదండి."

నిజమే, వడదెబ్బ కొట్టలేదు. దాంతో ఆ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఆసుపత్రిలో మగపిల్లాడు పుట్టాడు. పుట్టీ పుట్టగానే తల్లి రొమ్ము అందుకుని జుర్రుకున్నాడు. నర్సు నవ్వి, "వీడికి నేర్పక్కర్లేదమ్మా, నేర్చుకునే వచ్చాడు" అంది. ఇంటికి తీసుకొచ్చి, దిష్టి తీసి, వెనకగదిలో పడుకోబెట్టారు. ఆ పూట నుంచి పిల్లాడు తల్లిని ముట్టుకోనివ్వలేదు.

ఆకలికి ఏడుస్తాడు. హైమ ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తాడు. రొమ్ము నోటికి ఆనిస్తే తల విదిలించి, వెనక్కి విరుచుకుపోతాడు. సత్యవేణి చేతుల్లోకి తీసుకుంటే చప్పున ఊరుకుని, ఆవిడ జాకెట్టు వెతుక్కుంటాడు. నీళ్ళు పొయ్యడానికి వచ్చే కాసులమ్మ ఎత్తుకున్నా ఊరుకుంటాడు. ఆఖరికి అబ్బులు బీడీ కంపు చేతుల్లో కూడా నిద్రపోతాడు. ఒక్క కన్నతల్లి చేతుల్లోనే, ఎవరో దారినపోయే మనిషి ఎత్తుకుపోతున్నట్టు బెదిరిపోతాడు.

"సరిగ్గా పట్టుకోవే! మెడ కింద చెయ్యి పెట్టు" అని సత్యవేణి.

"పెట్టానే అమ్మా."

"పెడితే వాడెందుకేడుస్తాడు? నేను నలుగుర్ని పెంచలేదూ?"

"బుగ్గన చుక్క పెట్టండమ్మా, ఎవల కళ్ళు పడ్డాయో" అంది కాసులమ్మ. "ఆ తల్లి మొహం కూడా సూడండి, ఎలా పీక్కుపోయిందో."

డాక్టరుకి చూపించడానికి తీసుకెళితే అక్కడ హైమ ఒళ్ళో శుభ్రంగా పాలు తాగాడు. డాక్టరు సత్యవేణిని చూసి విసుక్కుంది. "తాగుతున్నాడు కదమ్మా? ఇంటి దగ్గర మీరందరూ చుట్టూ మూగి ఆ పిల్లని కంగారు పెడుతున్నారు." ఇంటికొచ్చి వెనకగది గడప దాటారు. మళ్ళీ అదే గోల. ఇంకో గదిలోకి వెళదామంటే పురుడు వెళ్ళలేదు. పురుడు వెళ్ళేదాకా ఆసుపత్రికి తప్ప తల్లీబిడ్డా గది దాటకూడదు, గాలి సోకకూడదు. కిటికీ సందులకి కూడా గుడ్డలు కుక్కారు.

హైమకి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. డబ్బా పాలు తెచ్చారు. అవీ అమ్మమ్మ పడితేనే తాగాడు. హైమ పట్టబోతే సీసా కూడా తోసేశాడు. ఆ తర్వాత హైమ పట్టబోవడం మానేసింది. గోడ వైపు తిరిగి పడుకునేది. అన్నం కంచం ఎలా పెడితే అలా ఉండేది. ఒకరోజు పిల్లాడు మంచం అంచు మీంచి జారిపోయేలా ఉన్నా చూస్తూ ఊరుకుంది. సత్యవేణి పరిగెత్తుకొచ్చి పట్టుకుని, "నువ్వసలు తల్లివేనా?" అంది. అనేసి నాలిక కరుచుకుంది గానీ, అన్న మాట గదిలో ఉండిపోయింది.

"వాడికీ అదే అనుమానం అమ్మా" అంది హైమ, గోడవైపే చూస్తూ.

అబ్బులుకి అన్నం సహించలేదు. పనిలోకి వెళ్ళినా మనసంతా వెనకగదిలోనే. ఆ మధ్యనే కొత్త పలకలు బిగించిన రిటైరైన పోస్టుమాస్టరు రోడ్డు మీద ఆపి, "ఏమయ్యా, పడగ్గదిలోకి వెళితే మా కుక్క నన్ను చూసి గుర్రుమంటోంది. హాల్లో కాళ్ళు నాకుతుంది. ఏం పెట్టావయ్యా ఆ గోడల్లో?" అన్నాడు.

"కుక్కకి పిచ్చెక్కిందేమో చూపించండి" అని విసురుగా అనేసి అబ్బులు బండి నడిపాడు.

ఆ బండి మీదే పలకల కోసం గోడౌనుకి వెళ్ళాడు. మిల్లు కల్లంలో ఒక మేక తన పిల్లని నాకుతోంది. చూడ ముచ్చటగా ఉంది. సుధీంద్ర కుర్చీ వేసుకుని కెమెరా పట్టుకున్నాడు. పనివాడు మేకనీ పిల్లనీ తోలుకెళ్ళి పలకల గదిలో వదిలి, అద్దం తలుపు మూశాడు. పిల్ల తల్లి పొదుగు కిందకి దూరింది. మేక ఒక్క ఉదుటున గెంతి, తిరిగి, పిల్లని కొమ్ములతో ఎత్తి గోడకి కొట్టింది. పిల్ల లేచి మళ్ళీ వెళ్ళింది. మేక మళ్ళీ కొట్టింది.

"అయ్యో, తలుపు తియ్యండి, చంపేస్తోంది!"

"ఉండు, ఉండు. భలే వస్తోంది" అన్నాడు సుధీంద్ర కెమెరాలోంచి కన్ను తియ్యకుండా. "పిల్ల వాసన పలకలకి నేర్పాం. లోపల దానికి వాసనే లేదు. తల్లికది పిల్లే కాదిప్పుడు. చూశావా, ఒంటి వాసనని కూడా ఎంత శుభ్రంగా పట్టేస్తుందో! ఇంత బాగా పని చేస్తుందని నేనే అనుకోలేదు."

అబ్బులు గదిలోంచి చూపు తిప్పి సుధీంద్రకేసి చూశాడు.

"సార్... మనిషికైతేనండి?"

"మనిషి మేకా అబ్బులూ? మనకి కళ్ళున్నాయి, మాటలున్నాయి."

"కళ్ళు సరిగ్గా ఆననివాళ్ళకండి? మాట తెలీనివాళ్ళకి? పది రోజుల పసిగుడ్డుకి?"

సుధీంద్ర కెమెరా దించాడు. అబ్బులు మొహంలోకి చూశాడు. చూసిన మరుక్షణం అడిగిన ప్రశ్నతోనే దొరికిపోయాడు. "వేడి పెట్టినప్పుడు ఎవరైనా పడుకున్నారా?"

"నా కూతురండి. నిండు చూలాలు."

"నేను గది ఖాళీగా ఉంచమన్నానా లేదా?"

"వడదెబ్బ అన్నారు కదండి! వాసన అని ఎందుకు చెప్పలేదు?"

"నీ వాసన మింగేస్తుందని చెబితే ఎవడు కొంటాడయ్యా?" అన్నాడు సుధీంద్ర, ఎదుటివాడికి బుద్ధి లేనట్టు. "పలకలు పీకెయ్, సరిపోతుంది. ఊరంతా చాటకు."

గదిలో మేకపిల్ల మూల నక్కి అరుస్తోంది. అబ్బులు తలుపు గడియ లాగి, దాన్ని చంకన పెట్టుకుని కల్లంలో వదిలాడు. బండి ఎలా నడిపాడో అతనికే తెలీదు.

ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. తిన్నగా వెనకగదిలోకి వెళ్ళాడు.

"అమ్మడూ, లే. బయటికి రా."

హైమ కదల్లేదు. "నేనెక్కడికీ రాను నాన్నా. వాణ్ణి అమ్మ దగ్గరే ఉంచండి. అక్కడే బాగుంటాడు."

"అది కాదే. నీ వాసన ఈ గోడలు మింగేస్తున్నాయే. వాడికి నువ్వెవరో తెలియట్లేదు. నీ తప్పు కాదు, వాడి తప్పూ కాదు."

సత్యవేణి బిడ్డని హత్తుకుని అడ్డం నిలబడింది. "పట్టపగలు తాగొచ్చారా? పురుడు వెళ్ళకుండా బయట గాలిలోకి ఎలా పంపుతాను? గోడలేంటి, మింగడమేంటి?"

ఎలా చెప్పాలి? సుధీంద్ర అయితే కోడి అడుగులని పిట్టకథ చెబుతాడు. అబ్బులుకి మాటలు చేతకావు. చేతనైన పని ఒక్కటే. పెరట్లోంచి గునపం తెచ్చాడు. రెండు నెలల కిందట క్లిప్పు క్లిప్పుకీ చూసుకుని, సందు కనపడకుండా తనే బిగించిన పలకల్లోకి గునపం దించి పెరికాడు. పలక ఫెళ్ళున విరిగింది. వెనకాల చెమ్మగోడ పుండులా బయటపడింది. సున్నం పొడి లేస్తోంటే సత్యవేణి తిట్టుకుంటూ బిడ్డతో వసారాలోకి పరిగెత్తింది. అబ్బులు గోడలు పెరికాడు, నిచ్చెనేసుకుని కప్పు పెరికాడు, పెరికిన పలకనల్లా పెరట్లోకి విసిరాడు. హైమ మంచం మీదే కూర్చుని ఉంది. జుట్టంతా సున్నం పడి ముసలమ్మలా ఉంది.

బయట రోళ్ళు పగిలే ఎండ. పెరట్లో పలకల గుట్ట కాగిపోయి, అంచులు మెత్తబడి వంగుతున్నాయి. ఆఖరి పలక విసిరి, గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటుంటే అబ్బులు ముక్కుకి ఏదో తగిలింది. ముందు అర్థం కాలేదు. కొబ్బరినూనె, పసుపు, చెమట, కాస్త పులిసిన పాలు. అవన్నీ కలిసి ఇంకేదో. జాతరకి వెళ్ళి తిరిగొస్తూ భుజం మీద నిద్రపోయిన చిన్నపిల్ల మెడ దగ్గర ఉండేదే, అదే. తన కూతురి వాసన తనకి తెలుసని అతనికి అప్పటిదాకా తెలీదు. ఇన్నాళ్ళూ గోడలు దాచుకున్న హైమంతా ఒక్కసారే ఆ గుట్టలోంచి లేచి పెరడంతా నిండింది.

వసారాలో పిల్లాడు కళ్ళు తెరిచాడు. సత్యవేణి గుండెల మీద నుంచి తల ఎత్తి, అటూ ఇటూ ఆడించి, పెరటివైపు తిప్పాడు. నోరు తెరిచాడు. మెడ సాచి, ఒళ్ళంతా అటే లాగుతూ ఏడవడం మొదలుపెట్టాడు. బెదురు ఏడుపు కాదు, ఆకలి ఏడుపు. సత్యవేణి ఇటు తిప్పుకుంది. వాడు అటు తిరిగాడు.

"ఏవండీ, వీడు ఆ చెత్తకేసి చూస్తాడేంటండీ?" అంది సత్యవేణి.

హైమ గుమ్మంలోకి వచ్చింది. తను కన్న బిడ్డ, ఇంటికొచ్చింది మొదలు తనని తోసేసిన బిడ్డ, ఒక ప్లాస్టిక్ గుట్టకి నోరు అందిస్తున్నాడు. చాలాసేపు చూసింది.

"అక్కడుంది నేనేనా నాన్నా?"

అబ్బులు తల ఊపాడు.

హైమ తల్లి చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుంది. వాడు గింజుకున్నాడు. ఎర్రటి ఎండలోకి చెప్పుల్లేకుండా నడిచి, చీర కుచ్చెళ్ళు మడిచి కిందేసుకుని, ఆ కాగే పలకల మధ్య కూర్చుంది. "గాలి తగులుద్దే, పురుడే..." అంటూ సత్యవేణి రెండడుగులు వేసి ఆగిపోయింది. పిల్లాడు మొహం అటూ ఇటూ తిప్పి, వెతికి, తల్లి రొమ్ము అందుకున్నాడు. గుటకలు వసారాలోకి వినపడ్డాయి. హైమకి అప్పుడు ఏడుపొచ్చింది.

అబ్బులు గుట్టలోంచి ఒక పెద్ద పలక లాగి, రెండు చేతులతో ఎత్తి, కూతురి నెత్తిన ఎండ పడకుండా పట్టుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. పిల్లాడు తాగి, తాగుతూనే నిద్రపోయేదాకా దించలేదు.

అంతటితో అయిపోతే ఇది కథే కాకపోను. ఆ రాత్రి భార్యాభర్తలకి పెద్ద యుద్ధమైంది. అబ్బులు ఆ పలకలు బిగించింది తన ఒక్క ఇంటికే కాదు. "మన పిల్ల గట్టెక్కింది, ఇక నోరు మూసుకోండి" అని సత్యవేణి. "వాళ్ళ ఇళ్ళల్లోనూ పురుళ్ళు వస్తాయే" అని అబ్బులు. మర్నాడు సుధీంద్రకి ఫోను చేస్తే మోగలేదు. గోడౌనుకి వెళితే తాళం. తర్వాత వారానికి తాళం కూడా లేదు, ఖాళీ గోడౌను, కల్లంలో మేకపెంటికలు.

అబ్బులు ఇంటింటికీ వెళ్ళి ఉన్నమాట చెప్పాడు. పోస్టుమాస్టరు, "నేను ముందే మొత్తుకున్నానా, కుక్కకి పిచ్చన్నావు" అని ఎగతాళి చేశాడు. ఇంకో ఇంట్లో కొత్త కోడలు, ఆ గదిలో మొగుడి పక్కన పడుకుంటే పరాయివాడి పక్కన ఉన్నట్టుందని చెప్పి పుట్టింటికి పోయింది. పెద్దమనుషుల పంచాయితీ దాకా వెళ్ళింది. వేడి పెట్టిన రాత్రి ఆ కుర్రాడు ఏసీ ఉంది కదా అని గదిలోనే పడుకున్నాడట. అబ్బులు చెప్పింది విని ఆ కుర్రాడి తల్లి నెత్తి కొట్టుకుంది. ఒకరిద్దరు అతన్నే కొట్టబోయారు. "కంపెనీని అడగండి, సుధీంద్రని అడగండి" అంటే, "మాకు సుధీంద్ర ఎవడు? మా గోడకి చిల్లు పెట్టింది నువ్వు" అన్నారు. అదీ నిజమే. పీకి, గోడలు మళ్ళీ పూసి, ఎవరి డబ్బు వాళ్ళకి ఇస్తానని ఒప్పుకున్నాడు.

పిల్లాడిప్పుడు పాకుతున్నాడు. ఆరోగ్యానికేం లోటు లేదు. కానీ పడి దెబ్బ తగిలితే అమ్మమ్మ దగ్గరికే పోతాడు. హైమ చేతులు చాచి, ఒక్క క్షణం చూసి, ఏమీ ఎరగనట్టు దించేసుకుంటుంది. మొన్న టీకొట్టులో పేపరు తిరగేస్తుంటే అబ్బులుకి ఎక్కడో పెద్ద పట్నం నుంచి ప్రకటన కనపడింది. పేరు వేరు, పలక అదే. పసిపిల్లల గదులకి ప్రత్యేకం అని రాసి ఉంది. కింద ఫొటోలో నవ్వుతున్న పల్చటి గడ్డం.

ఎవరో ఊరుకోక, "అవన్నీ పీకడానికి నీకెంతయింది అబ్బులూ?" అని అడిగారు. అబ్బులు లెక్కలు చెప్పలేదు. లెక్కంతా ఉన్న కాస్త భూమితో తీరింది, ఆ భూమి వేరేవాళ్ళ చేతికి పోయింది. అతని తల్లి కూలి డబ్బు కూడబెట్టి కొన్నది, ఏటా రెండు పంటలు పండేది, వేలివెన్ను దారిలో బోదె కాలవ ఒడ్డున, నలభై ఏడు సెంట్లు.